చిరునామా లేని రాయి

నిన్న మధ్యాహ్నం ప్రాక్టికల్ క్లాసులో ఒక రాయిని నాలుకకు ఆనించాను. ట్రేలో ఏళ్ల తరబడి పడి ఉన్న ముక్క అది. పైన దుమ్ము పేరుకుని అసలు రంగు తెలియడం లేదు. నీళ్ల సీసా ఎక్కడో కిటికీ దగ్గర ఉంది. పిల్లలు ప్రశ్న అడిగి నా మొహం చూస్తున్నారు. చెయ్యి తనంతట తానే లేచింది. రాయి నాలుకను పట్టుకుని ఒక్క క్షణం వదల్లేదు. ఎండిన మట్టిగోడ మీద తొలి చినుకులు పడ్డప్పుడు వచ్చే వాసన, ఆ వెనకే కాస్త ఇనుప రుచి. వెనక బెంచీలో ఒక అమ్మాయి కిసుక్కున నవ్వింది. "మేడమ్ రాయి నాకేశార్రా" అన్న గుసగుస కూడా వినబడింది. నాకూ నవ్వు రావలసిందే. కానీ కిటికీ తలుపు వేసే వంకతో అటు తిరిగాను. రాయిని నాకి చూడమని నాకు మొదట చెప్పిన మనిషి ఏ కాలేజీ మెట్లూ ఎక్కలేదు. ఆయన పోయి అయిదేళ్లు కావస్తోంది.

ఆయన పేరు సుక్రు. శుక్రవారం పుట్టాడు గనుక ఆ పేరు. డుంబ్రిగుడ నుంచి లోపలికి పోయే దారిలో, బస్సు ఆగే చోటు నుంచి రెండు గంటలు కొండ ఎక్కితే వచ్చే ఊరు ఆయనది. ఆ ఊరి పేరు రాయను. ఎందుకు రాయనో ఇది చదివాక మీకే తెలుస్తుంది. నేను చదువు ముగించి, ఒక సర్వే ప్రాజెక్టులో భూగర్భ శాస్త్రం చదివిన పిల్లగా చేరిన మొదటి ఏడాది, నా సంచీ మొయ్యడానికి ఆయనను కుదిర్చారు. కాగితాల్లో ఆయన "ఫీల్డు కూలీ, ఒకరు". అప్పటికే ముప్పై ఏళ్లుగా నాలాంటి వాళ్ల సంచులు మోస్తున్నాడు. వచ్చిన ప్రతివాళ్లూ రాళ్లు పట్టుకెళ్లారు, రిపోర్టులు రాసుకున్నారు, పెద్దవాళ్లయ్యారు. వాళ్ల మాటల్లో నేలమీద పడ్డవన్నీ ఈయన ఏరుకుని దాచుకున్నాడు. ఏ పుస్తకమూ లేకుండా కొండ మొత్తం ఆయన తలలో ఉండేది.

మొదటి రోజు నా తీరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కొత్త సుత్తి, కొత్త బూట్లు, మెడలో వేలాడే భూతద్దం. పార్వతీపురంలో మా నాన్న మిషన్ స్కూలు మాస్టారు. ఊళ్లో ఈ చదువు చదివిన మొదటి ఆడపిల్లని అన్న గర్వం నెత్తికెక్కి కూర్చుంది. ఓ బండ దగ్గర ఆగి, పక్కనున్న ముసలాయన్ని పరీక్షిద్దామని అడిగాను: "తాతా, ఇదేం రాయో తెలుసా?" ఆయన ఓ ముక్క తీసి నాకు ఇచ్చాడు. "తిని సూడు" అన్నాడు. వేళాకోళం ఆడుతున్నాడనుకుని మొహం ముడుచుకున్నాను. ఆయన మాత్రం ఇంకో ముక్క తీసి నాలుకకు ఆనించి, మళ్లీ చూపించాడు. తడి తగిలిన చోట రాయి ఒక్కసారిగా మేలుకుంది. ఎర్రటి గింజలు, మధ్యలో వెండి పోగుల్లాంటి గీతలు, అక్కడక్కడా నల్లటి మెరుపు రేకులు. "ఎండినప్పుడు అన్నీ ఒకలాగే ఉంటాయి. తడిపితే బయటపడతాయి. నాలిక్కి అంటుకుంటే రాయి సగం మట్టైపోయినాదని. జారిపోతే ఇంకా బతికుందని. మీ పెద్దసార్లూ నాకేవోలే, ఎవలూ సూడకుండా."

ఎర్ర గింజలు గార్నెట్లు. వాటిని ఆయన చోళ్లు అనేవాడు. నిజంగానే చోడి గింజల్లా, అంటే రాగుల్లా, ఉండేవి. ఆ రాయి ఆయన భాషలో చోడిరాయి. నల్లగా, జిడ్డుగా, సుత్తి దెబ్బకు గంటలా మోగే రాయి ఏనుగురాయి. మా పుస్తకాల్లో అది చార్నొకైటు. ఎవరో ఇంగ్లీషు దొర సమాధికి వాడిన రాయని ఆయన పేరే దానికి పెట్టారు. వేలికి నల్లగా అంటుకునే గ్రాఫైటు కాటుకరాయి. తెల్లటి క్వార్ట్జును మాత్రం అందరిలాగే పలుగురాయి అనేవాడు. రాయికీ ఖనిజానికీ తేడా ఏమిటని నేను నాలుగేళ్లు చదివి పరీక్షలో రాశాను. ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు: "రాయంటే ఊరు. గింజలూ రేకులూ ఊల్లో మడుసులు. ఎవలెవలున్నారో తెలకుండా ఊరి పేరు సెప్పీకూడదు." ఇప్పటికీ ప్రతి ఏడూ మొదటి క్లాసులో నేను చెప్పేది అదే. మడుసులు అనే మాటను మాత్రం మనుషులు అని మార్చి చెబుతాను, వాళ్లు నవ్వుతారని.

ఒకసారి చోడిరాయికి మా పేరేమిటని అడిగాడు. ఖొండలైటు అన్నాను. ఈ కొండల్లో ఉండే ఖోండు వాళ్ల పేరు మీద పెట్టారని, ప్రపంచంలో ఎక్కడ ఈ రాయి దొరికినా ఆ పేరుతోనే పిలుస్తారని గొప్పగా వివరించాను. ఆయన సంచీ దించి, కాసేపు ఆ బండనే చూస్తూ కూర్చున్నాడు. "రాయికి మావోల్ల పేరుందన్నమాట" అన్నాడు. "బాగుంది. మా బూమికే, కాయితంలో మా పేరు లేదు." నేను భూతద్దం కంటికి పెట్టుకుని బండ మీదికి వంగాను.

ఆయన పని పద్ధతి ఒకటి నన్ను మొదట్లో విసిగించేది. రాయిని నేల మీంచి తీస్తే, అది ఉన్న గుంటలో మొలకు కట్టుకున్న గుడ్డలోంచి చిటికెడు చోళ్లు తీసి వేసేవాడు. కొండది తీసుకున్నాం గనుక కొండకు కాస్త పెట్టాలి. ఇక సంచీలో సర్దేటప్పుడు ప్రతి రాయినీ కొండ మీద ఎలా ఉందో అలాగే, పైముఖం పైకే ఉండేలా పెట్టేవాడు. "ఆకాసం సూసిన మొకం ఆకాసమే సూడాల" అనేవాడు. ఇదంతా తేలేసరికి ఎండ ముదిరిపోయేది. "బేగి రా తాతా" అని నేను అరిచేదాన్ని. "కొండంతా నువ్వు మోయించుకెల్లిపోతన్నావు. నెమ్మదిగా ఎల్లనీ, రేపు ఎక్కడానికేటైనా మిగుల్తాది" అనేవాడు. తర్వాత మా పెద్దాఫీసరు వచ్చి, ఏ రాయి ఏ వైపుకు ఉందో పెన్నుతో గుర్తు పెట్టకుండా తెచ్చానని నన్ను అందరి ముందూ కడిగేశారు. ఆ గుర్తు లేకపోతే రాయి పొరలు ఏ దిక్కుకు వాలాయో చెప్పలేం. సుక్రు తాత మాట కలపకుండా ఒక్కో రాయినీ సంచీలోంచి తీసి, పైముఖం వేలితో చూపించాడు. నేను వరసగా గుర్తులు పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన్ని తొందర పెట్టలేదు. ఆయన కూడా ఆ రోజు నుంచే నన్ను మేడమ్మ అనడం మానేసి గుంటా అని, అంటే పిల్లా అని, పిలవడం మొదలుపెట్టాడు. ఆయన ఇంట్లో మనిషిని అయిపోయానని నాకు అలా తెలిసింది.

ఇంట్లో ఉన్నది ఇంకొక్కతే, కూతురు సోంబారి. సోమవారం పుట్టింది. నాకూ ఆమెకూ ఒకటే ఈడు. భర్త పోయాక తండ్రి దగ్గరికే తిరిగొచ్చి, ఇంటి వెనక కాఫీ మొక్కలూ మిరియాల తీగలూ చూసుకునేది. పొద్దున్నే చోడి అంబలి కాచి సొరకాయ బుర్రలో పోసి ఇచ్చేది. సెలవు పెట్టుకున్నట్టు అప్పుడప్పుడు మాతో వచ్చేది. వస్తే ఆమె కంటికి ముందు మా ఇద్దరి కళ్లూ పనికొచ్చేవి కావు. గెడ్డలో మోకాలు లోతు నీళ్లలో నిలబడి గులకరాళ్లు చేత్తో కెలికి, ఉన్నవాటిలో వింతదాన్ని ఇట్టే పట్టేసేది. "ఒలమ్మో మేడమ్మా, అంత సదివినావు, ఇది కనపడ్లేదేటి?" అని నా మీద నీళ్లు చల్లేది. ఆమె నన్ను చివరిదాకా మేడమ్మ అనే అంది. అది గౌరవం కాదు, ఉత్త వెక్కిరింత. అలా వెక్కిరించే స్నేహితురాలు నాకు మళ్లీ దొరకలేదు.

ఆ రాయి దొరికింది అలాంటి ఒక రోజునే. రెండో ఏడు మాఘమాసం, గెడ్డలో నీళ్లు సన్నగా పారుతున్నాయి. సోంబారి గుప్పెట్లో కంకర ఎత్తి నా అరచేతిలో పోసింది. అందులో చిక్కుడు గింజంత రాయి, తేనెలో కాస్త ఆకుపసరు కలిసిన రంగు. ఎండకు పెట్టి తిప్పితే లోపల సన్నటి తెల్లగీత ఒకటి నిద్రలేచి అటూ ఇటూ జరిగింది. పలుగురాయి మీద గీస్తే పలుగురాయికే గాటు పడింది. వైడూర్యం. పుస్తకాల్లో చూడటమే గానీ చేత్తో పట్టుకోవడం అదే మొదలు. వజ్రం, కెంపు, నీలం తప్పితే దాని మీద గీత పెట్టగల రాయి మరొకటి లేనట్టే. నేను ఎగిరి గంతేశాను. సోంబారీ గంతేసింది. సుక్రు తాత మాత్రం ఒడ్డున నిలబడే ఉన్నాడు.

"గెడ్డలో పారీ, గుంటా" అన్నాడు.

"అదేంటి తాతా! ఇది మామూలు రాయి కాదు. పుస్తకంలో ఎక్కించాలి. ఎక్కడ దొరికిందో రాయాలి."

"రాయకు."

నాకు కోపం వచ్చింది. చదువుకున్నదంతా ఆయనకు ఒప్పజెప్పాను. ఎక్కడిదో తెలియని రాయి అనాథ అని, చిరునామా లేకపోతే ఎంత గొప్ప రాయైనా రోడ్డుమీది కంకరతో సమానమని, మా శాస్త్రంలో మొదటి పాఠమే అదని చెప్పాను. అంతా విన్నాడు. "అడ్రసు రాత్తే ఆ అడ్రసుకి అందరూ వత్తారు" అన్నాడు, అంతే. నేను రాశాను. గెడ్డ పేరు, ఊరి పేరు, ఏ మలుపు దగ్గరో కూడా. చిటికెడు చోళ్లు ఆయన గెడ్డలో వేశాడో లేదో నేను చూడలేదు.

పుస్తకంలో రాత పుస్తకంలోనే ఉండిపోయేది. అది ఎవరి కంటా పడలేదు. సంగతి బయటపడింది నా నోట్లోంచే. తరవాతి వారం డుంబ్రిగుడ సంతలో టీ తాగుతున్నాం. రంగురాళ్లు కొనే ఒకాయన, తెల్లచొక్కా, మెత్తటి మాట, వచ్చి నా ఎదురు బల్ల మీద కూర్చున్నాడు. మేడమ్ గారూ అంటూ మాట కలిపాడు. ఈ కొండల్లో ఏం దొరుకుతాయో మీలాంటి వాళ్లు చెబితే తెలుసుకోవాలని ఉందన్నాడు. నా ఇరవై నాలుగేళ్ల వయసులో అలా నన్ను వినయంగా అడిగినవాడు ఆయనే మొదటివాడు. వైడూర్యం గురించి చెప్పాను. ఆయన తల అడ్డంగా తిప్పాడు. "ఈ వైపున అసలు వైడూర్యం ఉండదండీ. మీరు చూసింది పలుగురాయే అయ్యుంటుంది. కొత్తవారు కదా, అందరూ పొరబడతారు." నా చెవులు వేడెక్కాయి. అటు నా వెనకాల సుక్రు తాత రాళ్ల సంచీని ధనామని నేల మీద పడేశాడు. గట్టిగా దగ్గాడు. అలిసిపోయాడనుకున్నాను. తెల్లచొక్కా ఆయన వైపు వంగి, నేను పొరబడలేదని, కావాలంటే ఫలానా ఊరు దిగువన ఫలానా గెడ్డకు వెళ్లి చూసుకోమని చెప్పాను. ఆయన నవ్వి, నా టీ డబ్బులు కూడా తనే ఇచ్చి వెళ్లిపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని మా అమ్మ రోజుకోసారి అనేది. ఆ సామెత నా కోసం కాదనుకునేదాన్ని.

వేసవిలో పని ముగించి, రిపోర్టు రాసుకోవడానికి పార్వతీపురం వచ్చేశాను. ఆషాఢంలో సంతలోని టీ దుకాణం ఆయన ఫోను చేశాడు. గెడ్డ ఒడ్డున మనుషులు దిగారట. పైవాలులోని మెత్తటి మట్టిని తవ్వి, గోతుల్లోంచి కంకర పైకి మోసి జల్లెడ పడుతున్నారట. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, మూడు వారాలకు పిసరంత వైడూర్యం ముక్కలు తప్ప ఏమీ దొరకలేదట. విసుగెత్తి వెళ్లిపోదామనుకుంటుండగా రాత్రంతా వాన పడి, పొద్దున్న ఒక గొయ్యి పక్కగోడ విరుచుకు పడిందట. లోపల ఉన్నది ముగ్గురు. ఇద్దరిని బయటికి లాగారు. మూడో మనిషి పేరు ఆయన చెప్పకముందే నాకు తెలిసిపోయింది. అలాంటి చోట కంకరలో రాయిని పట్టగల కన్ను ఆ చుట్టుపక్కల ఒక్కతెకే ఉంది.

వెళ్లేసరికి పదో రోజు. ఇంటి ముందు చాలామంది ఉన్నారు. ఊరివాళ్లూ, తవ్వినవాళ్లూ, వాళ్ల వెనక తెల్లచొక్కా ఆయన. దేనికోసమో ఎదురు చూస్తున్నట్టు అందరూ చూరు కింద కూర్చున్న సుక్రు తాత వైపే చూస్తున్నారు. సంగతేమిటంటే, సోంబారిని బయటికి తీసినప్పుడు ఆమె కొంగు ముడిలో ఒక రాయి ఉంది. పెద్ద రాయి దొరికిందట అన్న మాట అప్పటికే అన్ని ఊళ్లకూ పాకింది. అది నిజమైతే, వెళ్లిపోదామనుకున్నవాళ్లు ఆగుతారు, వంద మంది కొత్తవాళ్లు దిగుతారు. ఆ వాలు పైనే ఊరికి ఏడాది పొడవునా నీళ్లిచ్చే ఊట ఉంది. వాలు తవ్వేస్తే ఊట పోతుంది, ఊట పోతే ఊరు పోతుంది. సుక్రు తాత ఆ రాయిని పది రోజులుగా ఎవరికీ చూపించలేదు. నన్ను చూసి లేచాడు. "మేడమ్మ వొచ్చినాది" అన్నాడు. గుంట అనలేదు. గుప్పెట నా అరచేతిలో విప్పి, పైన తన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇదేటో సెప్పు. అందరికీ ఇనపడేలాగ సెప్పు."

మట్టి పట్టి ఉంది. ఉసిరికాయంత. నాలుకకు ఆనించాను. జారింది. చేతిలో దాని బరువే చెప్పేసింది, అయినా సంచీలోంచి పలుగురాయి ముక్క తీసి, వాళ్లందరికీ వీపు పెట్టి, దాని మీద గీశాను. పలుగురాయి మీద లోతుగా గాటు పడింది. వేళ్ల సందుల్లోంచి పడ్డ వెలుగులో రాయి లోపల ఆ తెల్లగీత ఒక్కసారి కదిలింది. నా జీవితంలో అంత మంచి వైడూర్యాన్ని ముందెప్పుడూ చూడలేదు, తర్వాతా చూడలేదు. గాటు మీద పొడిని బొటనవేలితో తుడిచేశాను. ఇటు తిరిగాను.

"పలుగురాయి" అన్నాను.

తెల్లచొక్కా ఆయన రెండడుగులు ముందుకొచ్చి, తనూ ఓసారి చూడవచ్చా అని అడిగాడు. సుక్రు తాత రాయిని తీసుకుని మొలగుడ్డలో కట్టుకున్నాడు. "సచ్చిపోయినోల్ల కొంగులోది. నీకు గావాలేటి?" అన్నాడు. తెల్లచొక్కా ఆయన అక్కడే ఆగిపోయాడు. కాసేపు నన్నే చూశాడు. తరవాత పక్కవాళ్లతో నెమ్మదిగా అన్నాడు: "ఆవిడ చెప్పారంటే అంతే. మొన్న సంతలో నేను కాదన్నా ఆవిడ మాటే నిజమైంది." సంతలో నా గర్వం సంపాదించిపెట్టిన నమ్మకం అది. ఆ పూట నా అబద్ధానికి అదే కాపలా కాసింది. సాయంత్రానికి తవ్వేవాళ్లు జల్లెళ్లు ఎత్తుకుని కిందికి దిగిపోయారు.

అందరూ వెళ్లాక ఆయన వెనకాలే గెడ్డకు వెళ్లాను. దారంతా మాటలు కూడగట్టుకున్నాను. గట్టు మీద కూర్చున్నాక చెప్పేశాను. సంతలో ఊరి పేరు చెప్పింది నేనేనని, వాళ్లందరినీ ఇక్కడికి తెచ్చింది నా నోరేనని.

"నాకెరికే" అన్నాడు. "నీ ఎనకే ఉన్నాను కదా."

"దగ్గావు. నేను వినిపించుకోలేదు."

"దగ్గితే సరిపోద్దేటి?" ఆయన గొంతు మొదటిసారి పైకి లేచింది. "నోరుమూసుకోయే గుంటా అని ఒక్క కేక ఎయ్యాల్సింది. ఎయ్యలేదు. మేడమ్మ పెద్దోల్లతో మాటాడతంటే కూలోడు అడ్డు రాకూడదు గావాల అనుకున్నాను. ముప్పై ఏల్ల అలవాటు." మొలగుడ్డ ముడి ఒకసారి తడిమి చూసుకున్నాడు. "గొయ్యిలోకి దిగొద్దని దానికి సెప్పినాను. ఇన్లేదు. ఉన్నాయని మేడమ్మే సెప్పినాది కదా అయ్యా, మేడమ్మ తప్పు సెప్పదు అన్నాది."

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. ఓదార్చి ఉంటే నేను బతికి ఉన్నంత కాలం ఆయన్ని క్షమించేదాన్ని కాదేమో, నన్ను నేను ఎలాగూ క్షమించుకోలేదు. లేచి దుమ్ము దులుపుకుని, "రేపు పొద్దున్నే రా. గొయ్యి పూడ్సాల" అన్నాడు.

మూడు రోజులు పూడ్చాం. ఊళ్లోవాళ్లు మట్టి పోశారు, రాళ్లు నేను మోశాను. సంచీలో రాళ్లు నింపి నా వీపున ఎత్తింది సుక్రు తాతే. ఆ రెండేళ్లలో ఆయన వీపు మీద నేను వేయించిన బరువెంతో నాకు అప్పుడు తెలిసింది. నడుం విరిగిపోతోందని ఒక్కసారి కూడా అనలేదు, అనే హక్కు లేదనిపించింది. గొయ్యి అడుగున మొదట వేసింది మాత్రం, మాఘమాసంలో గెడ్డలో దొరికిన ఆ చిక్కుడు గింజంత రాయి. దాన్ని పార్వతీపురం నుంచి నాతోనే తెచ్చాను. ఆయన దాని మీద గుడ్డలోని చోళ్లు వేశాడు, చిటికెడు కాదు, ఉన్నవన్నీ. తర్వాత ప్రతి రాయినీ నా చేతుల్లోంచి తీసుకుని, ఎండకు వెలిసిన ముఖం చూసి, పైకే ఉండేలా పేర్చాడు. చీకటి గొయ్యిలో పూడిపోయే రాళ్లకు ఆకాశం ఎందుకని అడగబోయి ఆగిపోయాను.

నాలుగో రోజు బస్సు దాకా దిగబెట్టాడు. బస్సు కనబడ్డాక మొలగుడ్డ విప్పి, కూతురి రాయి నా చేతిలో పెట్టాడు. అది ఏమిటో ఆయనకు నాకన్నా బాగా తెలుసు. అమ్ముకుంటే ఆయన మిగిలిన జీవితం కూర్చుని తినొచ్చు. నేను వద్దన్నాను, చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"పలుగురాయే కదా" అన్నాడు. "నువ్వే సెప్పినావు, ఊరంతా ఇన్నాది. నా కాడుంటే ఎప్పుడో ఆకలికి అమ్మీగలను. నీ కాడుంటే నీ నోరు నీకు గుర్తుంటాది." నా వేళ్లు తనే మూశాడు. "ఎక్కు. బస్సు ఎలిపోతాది, గుంటా."

గుంటా అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇల్లు చేరాను. ఫీల్డు పుస్తకంలో మాఘమాసంలో ఆ గెడ్డ గురించి రాసుకున్న వరస మీద అడ్డగీత కొట్టి, పక్కన పలుగురాయి అని రాసి, సంతకం పెట్టాను. నా చదువు ప్రకారం అది నేరం. ఆ ఏడాదే ఉద్యోగం మానేసి కాలేజీలో చేరాను. ఎందుకు మానేశావని అడిగితే, కొండలెక్కే ఓపిక లేదని చెబుతుంటాను. తర్వాత ఏటా ఒకసారైనా ఆ ఊరు వెళ్లేదాన్ని. రాయి తిరిగిచ్చేస్తానని రెండుసార్లు అడిగాను. రెండోసారి విసుక్కున్నాడు. సోంబారి పేరు మా ఇద్దరి మధ్యా ఎక్కువగా వచ్చేది కాదు. కాఫీ పండ్లు ఏరుతూ ఆయనే ఎప్పుడైనా, "అది ఉంటే ఈపాటికి నిన్ను ఎక్కిరించీది" అనేవాడు. ఊట ఇప్పటికీ పారుతోంది. ఆయన పోయాడని తెలిసి వెళ్లిన రోజు, ఆ నీళ్లే తాగి వచ్చాను.

ఆ రాయి నా టేబులు మీద, సున్నపురాయికీ బాక్సైటుకీ మధ్య ఉంటుంది. మిగతా ప్రతి రాయి కిందా చీటీ ఉంది: పేరు, ఊరు, మండలం. దాని కింద ఉన్న చీటీ తెల్లగా ఉంది. ఎక్కడిదో తెలియని రాయి అనాథ అని నేనే ఇప్పటికీ క్లాసులో చెబుతాను. పరీక్షల్లో ఊరి పేరు రాయనివాళ్లకు మార్కులు కోస్తాను. అందుకని ఏటా ఎవరో ఒకరు ఆ తెల్లచీటీ సంగతి పట్టుకుంటారు. నిన్న రాయి నాకినందుకు నవ్విన అమ్మాయే, క్లాసు అయిపోయాక టేబులు దగ్గరికి వచ్చింది. కొండ మీది పిల్లే, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. చటుక్కున ఆ రాయి తీసి నాలుకకు ఆనించింది. బరువు చూసుకుంది. కిటికీ వెలుగుకు పెట్టి నెమ్మదిగా తిప్పింది. లోపలి గీత అటు నుంచి ఇటు నడవడం ఆమె కళ్లలో నాకు కనబడింది.

"ఇది ఏ ఊరిది మేడమ్?" అని అడిగింది చివరికి.

"పలుగురాయమ్మా" అన్నాను.

ఆ పిల్ల నన్ను చూసింది, చీటీ చూసింది. నమ్మలేదు. కానీ మళ్లీ అడగలేదు. రాయిని తీసినప్పుడు ఏ ముఖం పైకి ఉందో అదే ముఖం పైకి ఉండేలా, తెల్లచీటీ మీద జాగ్రత్తగా పెట్టి వెళ్లిపోయింది.